వెనక పలక లేని పెట్టె

"ఇగ చాలు డిటెక్టివ్ సాబ్! ఆ పెట్టెల తలకాయ పెట్టి మీరేం సూస్తున్నరో నాకైతే సమజైతలేదు. జీపు జల్దీ సంగారెడ్డి పోవాలె. ఈమెను మెజిస్ట్రేటు ముంగట పెట్టాలె," అన్నాడు పటాన్‌చెరు ఎస్సై పెంటయ్య.

డిటెక్టివ్ బాపిరాజు తల బయటికి తీయలేదు. ఫ్యాక్టరీ కాలనీ క్లబ్బు హాల్లో, స్టేజి మీద మోకాళ్ళ మీద కూర్చుని, నడుమెత్తు గిటారు స్పీకర్ పెట్టెలోకి టార్చి వేసి చూస్తున్నాడు. నిజం చెప్పాలంటే చూడవలసింది చూసేసి చాలాసేపయింది. తల బయటికి తీస్తే ఎదురుగా బెంచీ మీద కూర్చున్న కమలాకుమారిని చూడాలి. ఆవిడ మొహం చూడ్డానికి అతనికి మొహం చెల్లడం లేదు.

ఆ ఉదయం అతను చేసిన ఘనకార్యం అలాంటిది.

మొన్న శనివారం సాయంత్రం ఈ హాల్లోనే ఫ్యాక్టరీ వాళ్ళ ఉత్సవం జరిగింది. ఏడాది పొడుగునా ఒక్క ప్రమాదం కూడా జరగనందుకు ఢిల్లీ నుంచి షీల్డు వచ్చింది. ఆ సంబరంలో పాటకచేరీ పెట్టారు. స్టేజి మీద గిటారుతో కూర్చున్నవాడు, ఇనుప రేకులు అచ్చుకొట్టే ప్రెస్సు షాపులో పనిచేసే సుబ్బారాయుడు, కమలాకుమారి భర్త. మిగతా వాద్యాల వాళ్ళని హైదరాబాదు నుంచి కిరాయికి పిలిపించారు. ఇంటర్వెల్ అయ్యాక క్లబ్బు సెక్రటరీ చిన్నరాములు మైకు ముందుకొచ్చి, "ఇప్పుడొక పెద్ద పాట ఉంటది. గది అయినంక మీకందరికి ఒక ముచ్చట చెప్పాలె. ఎవ్వరు లేవొద్దు," అని చెప్పి దిగి వెళ్ళాడు. పాట అయింది, చప్పట్లూ అయ్యాయి, చిన్నరాములు మాత్రం రాలేదు. స్టేజి వెనక కుర్చీలు పెట్టే గదిలో తల పగిలి పడి ఉన్నాడు. రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి, నోరు విప్పకుండానే ఈ తెల్లవారుజామున కన్నుమూశాడు.

బాపిరాజును ఈ కేసు కోసం పిలిపించింది ఫ్యాక్టరీ మేనేజరు వెంకటేశ్వరరావు. "నువ్వు కోస్తాలో మన జిల్లా వాడివోయ్. హోటల్లో ఎందుకు, మా బంగళాలోనే ఉండు," అని బలవంతాన ఇంట్లో దింపుకున్నాడు. మనిషి మర్యాదస్తుడు, మాటల్లో చల్లనివాడు. ఈ ఉదయం పెసరట్టు వడ్డిస్తూ ఆయనే అన్నాడు, "ఆ కమలాకుమారిని నలుగురిలో నిలబెట్టి అడుగు. ఆడవాళ్ళకి పరువు భయం. అప్పుడే నిజం చెబుతారు," అని.

బాపిరాజు అదీ సబబే అనుకున్నాడు. పోయి, కుళాయి దగ్గర బిందెలతో కాలనీ ఆడవాళ్ళంతా నిలబడి ఉండగా, కమలాకుమారి వాకిట్లో నిలబడి, "చిన్నరాములుకీ మీకూ ఏమిటి సంబంధం?" అని గట్టిగా అడిగేశాడు. ఆవిడ అతని వైపు ఒక్కసారి చూసింది. కోపంగా కూడా కాదు. తరవాత తలుపు వేసుకుంది. కుళాయి దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. బాపిరాజుకి తల కొట్టేసినట్టయింది. తన వృత్తిలో ఎన్నో ప్రశ్నలు అడిగాడు గానీ, ప్రశ్న అడిగినందుకు తనకే సిగ్గేయడం అదే మొదలు.

అయితే తలుపు మూసుకునే లోపల ఒక సంగతి కంటబడింది. ముందు గదిలో మంచి రేడియోగ్రామ్ ఉంది. దాని ముందు వైపు జాలీగుడ్డ లోపలికి గుంటపడి ఉంది. ఆ గుడ్డ వెనక ఉండవలసిన స్పీకరు లేదన్నమాట. డిటెక్టివ్ కాకముందు కోఠీలో రేడియో రిపేరు దుకాణం పెట్టినవాడు కాబట్టి ఆ గుంట మనసులో నిలిచిపోయింది. అందుకే మధ్యాహ్నం సరాసరి ఈ స్టేజి మీదికి వచ్చి ఈ పెట్టె ముందు కూలబడ్డాడు.

"ఒక్క నిమిషం ఎస్సైగారూ," అంటూ బాపిరాజు ఎట్టకేలకు లేచి ప్యాంటు దుమ్ము దులుపుకున్నాడు. "బక్కమ్మను ఒక మాట అడిగి వదిలేస్తాను."

హాలు ఊడ్చే బక్కమ్మ గోడవార నిలబడి ఉంది. స్టేజి వెనక తలుపులోంచి కమలాకుమారి బయటికి పోతుండగా చూసింది ఆవిడే.

"ఆ పొద్దు నేను హాలు యెనక నల్లా కాడున్న సారూ. లొల్లి మొదలైనంక ఈ అమ్మ యెనక తలుపుల నుంచి ఉరికొచ్చింది. సేతుల ఏందో ఉండె. దుప్పట్ల సుట్టుకుంది. పొడుగ్గ ఉండె."

"ఇన్నరా సాబ్!" అన్నాడు పెంటయ్య. "పొడుగ్గున్నది! ఇనుప పైపు గాకపోతె మరేంది? డాక్టరు గూడ బరువైన ఇనుపదే అన్నడు."

"పొడుగ్గా అంటే ఎలా ఉంది బక్కమ్మా? మొదటి నుంచి చివరిదాకా ఒకటే లావా?"

బక్కమ్మ చేతులు చాచి గాలిలో చూపించింది. "కాదు సారూ. మీద సన్నగ, కింద లావుగ. సంటిపోరన్ని ఎత్తుకున్నట్టు రొమ్ముకు ఆనించి ఎత్తుకుంది. పైపునైతె ఎవ్వరన్న గట్ల పట్టుకుంటరా?"

"ఇదే మాట ఎస్సైగారికి చెప్పావా?"

"ఆయన ఆమె వచ్చిందా లేదా, సేతుల ఉన్నదా లేదా అని అంతే అడిగిండు. నేనంతే చెప్పిన."

పెంటయ్య మీసం దువ్వుకున్నాడు. "గవన్ని కతలు. అసలు సంగతి ఒక్కటే. పరాయి మొగోడు ఉన్న జాగకు, మొగుడు స్టేజి మీద గిటారు కొడ్తుంటె, ఈమె ఎందుకు పోయింది? యెనక పరద కాడ పీట ఉన్నది, నలిగిన మల్లెపూలున్నయి. పీటేసుకొని కూసొని ఎవనికోసం ఎదురు సూసింది? మూడు దినాల సంది అడుగుతున్న, నోరు తెరుస్తలేదు. అడిగితె మొగుడు గూడ తెరువడు. ఇగ నేనేం అనుకోవాలె?"

కమలాకుమారి కొంగు చెవుల దాకా లాక్కుని నేల చూపులు చూస్తూ కూర్చుంది. పక్కన సుబ్బారాయుడు రెండు చేతులూ ఒళ్ళో దాచుకుని కూర్చున్నాడు. నలుగురిలో భార్య పరువు తీస్తుంటే మొగుడన్నవాడికి రోషం రావాలి కదా. అతనికి రోషం రాలేదు, చెమట పట్టింది. మొదటి వరస కుర్చీలో మేనేజరు వెంకటేశ్వరరావు కాలు మీద కాలు వేసుకుని, 'అయ్యో పాపం' అన్నట్టు మొహం పెట్టి కూర్చున్నాడు.

"వాళ్ళ ఇల్లు సోదా చేశారు కదా. ఏం దొరికింది?" అని అడిగాడు బాపిరాజు.

"ఏం దొరకలె. బియ్యం డబ్బాల చూసినం, బావిల చూసినం. మంచం కింద ఒక గిటారున్నది. అంతే."

"గిటారు ఇక్కడే ఉంది కదండీ! శనివారం నుంచి మీరే సీలు వేసి కాపలా పెట్టారు."

పెంటయ్య ఒక్క క్షణం తడబడ్డాడు. "గిటారు కొట్టెటోని ఇంట్ల గిటారు ఉండదా? రెండున్నయేమో. మీ ఇంట్ల గొడుగు ఒక్కటే ఉన్నదా?"

బాపిరాజు స్టేజి మీది గిటారు తీశాడు. దాని వైరు యాంప్లిఫయరుకి తగిలించి స్విచ్చు వేశాడు. వాల్వులు ఎర్రబడ్డాయి, పెట్టెలోంచి సన్నగా జుమ్మనే రొద వచ్చింది. తీగ మీటాడు. తీగ చప్పుడు చెవికి ఆనింది గానీ, స్పీకరులోంచి ఒక్క ముక్క రాలేదు.

"లొల్లిల తెగిపోయినట్టున్నది," అన్నాడు పెంటయ్య.

"తెగింది, నిజమే. తీగల కింద ఈ చిన్న రాగి వైరు చుట్ట ఉంది చూశారా? చప్పుడు దీన్నుంచే యాంప్లిఫయరుకి పోవాలి. చుట్ట వైరు తెగి ఉంది. కానీ తెగినచోట రాగి పచ్చగా చిలుము పట్టింది. శనివారం తెగితే మంగళవారానికి చిలుము పట్టదు. దీనికి నోరు పోయి నెలలయింది."

బాపిరాజు సుబ్బారాయుడి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఈ పెట్టె ఎప్పుడు చేయించారు?"

"నిరుడండి. మన ఫ్యాక్టరీలో చెక్క అచ్చులు చేసే ప్యాటర్న్ షాపు వడ్రంగి చేశాడు." గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టుంది.

"అప్పుడు దీనికి వెనక పలక ఉండేదా?"

"ఉండేదండి."

"ఎందుకు తీశారు?"

"వేడెక్కుతోందనండి."

"వేడెక్కేది యాంప్లిఫయరు. అది పెట్టె మీద విడిగా కూర్చుని ఉంది. చెక్క పెట్టెకి జ్వరం రాదు సుబ్బారాయుడు గారూ."

సుబ్బారాయుడు చేతులు ఒళ్ళోకి ఇంకా లోపలికి లాక్కున్నాడు.

"సరే, పలక సంగతి అలా ఉంచండి. లోపల రెండు స్పీకర్లున్నాయి. కుడివైపుది మంచిది. గట్టి కాగితపు కోను, వెనక ఇంత అయస్కాంతం, గిటారు కోసమే తెప్పించినది. ఎడమవైపుది రేడియోగ్రాములోది. మెత్తటి కోను. ఇంట్లో కూర్చుని పాటలు వినడానికి పనికొస్తుంది గానీ ఏడు వందల మంది కూర్చున్న హాలుకి చాలదు. అలాంటప్పుడు మంచిదాని వైరు ఊడదీసి, కొసకి టేపు కూడా చుట్టి, రేడియోగ్రాముదానికి మాత్రమే కనెక్షన్ ఇచ్చారు. కొత్త స్పీకరు పాడైందా?"

"అవునండి. చిరిగింది."

"ఇప్పుడే చూశాను. వేలితో నొక్కి కూడా చూశాను. చక్కగా ఉంది. ఆఖరి ప్రశ్న. మీ ఇంట్లో రేడియోగ్రామ్ మోగుతోందా?"

కమలాకుమారి కళ్ళు మూసుకుంది.

పెంటయ్యకి ఓపిక చచ్చింది. లాఠీ బల్ల మీద కొట్టాడు. "గిదేంది సాబ్, ఒక మనిషి పానం పోయింది! మీరు రేడియో దుకాణం తెరిచిన్రు! స్పీకరు మెత్తగుంటె ఏంది, గట్టిగుంటె ఏంది? మీ ఆంధ్ర వాళ్ళని గట్లనే కాపాడుకుంటరు. మా చిన్నరాములు సావుకు ఎవ్వడు జవాబు చెప్తడు?"

ఆ చివరి మాట బాపిరాజుకి గుచ్చుకుంది. అందులో నిజం లేకపోలేదు. చచ్చినవాడు ఈ ఊరి మనిషి. మూడు రోజులుగా తను తిన్నదీ, పడుకున్నదీ, సలహాలు విన్నదీ తన జిల్లా వాడింట్లో. చిన్నరాములు గుడిసె గడప కూడా తొక్కలేదు. సిగ్గు రెండోసారి నెత్తికెక్కింది. అయినా గొంతు తగ్గించే చెప్పాడు.

"చిన్నరాములు కోసమే ఎస్సైగారూ ఇదంతా. వినండి. స్పీకరు కోను ముందుకీ వెనక్కీ ఆడుతుంది. వెనక పలక బిగిస్తే చప్పుడంతా ముందుకే పోతుంది, హాలు చివరి దాకా వెళుతుంది. పలక తీసేస్తే వెనక్కి కూడా అంతే చప్పుడు వస్తుంది. ముందుదీ వెనకదీ ఒకదాన్నొకటి తినేసి, బరువైన స్వరాలు పలచబడతాయి. చిన్న గదిలో అది అందంగా ఉంటుంది. ఇంత హాల్లో నష్టమే. ఉత్సవం రోజున, తెలిసిన గిటారిస్టు కావాలని ఆ నష్టం ఎందుకు తెచ్చుకుంటాడు? పెట్టె వెనకాల కూర్చుని ఆ చప్పుడు వినవలసిన మనిషి ఉంటే తప్ప!"

పెంటయ్య లాఠీ కిందికి దిగింది.

"ఇక మెత్తటి కోను. గిటారు వాళ్ళు చేతిలో చిన్న ప్లాస్టిక్ బిళ్ళ పట్టుకుని వాయిస్తారు. గోటితో మీటితే ప్రతి స్వరం ముందూ ఒక 'టిక్కు' వస్తుంది. గట్టి కోను ఆ టిక్కుని పెద్దది చేసి, మీటేది బిళ్ళ కాదని గుట్టు బయటపెడుతుంది, రేడియోగ్రాము కోను దాన్ని మింగేస్తుంది. గోటితో మీటే అలవాటు వీణ వాయించేవాళ్ళది. శనివారం గిటారు వీణలా పలికిందని మేనేజరు గారే రాత్రి భోజనాల దగ్గర మెచ్చుకున్నారు. అవునాండీ?"

"అన్నానేమో. నాకు సంగీతం ఏం తెలుసయ్యా," అన్నాడు మేనేజరు. కాలు మీద కాలు తీసి కింద పెట్టాడు.

బాపిరాజు అక్కడితో ఆగిపోయాడు. ఇంకొక్క మాట అంటే చాలు, ముడి విడిపోతుంది. ఆ మాట నాలిక చివర ఉంది. కానీ ఒకరి ఇంటి గుట్టు నలుగురిలో బయటపెట్టే పని పొద్దున్నే ఒకసారి చేశాడు, ఆ చేదు ఇంకా నోట్లోనే ఉంది. రెండోసారి చేయబుద్ధి కాలేదు.

"మిగతాది నేను చెప్పను," అన్నాడు సుబ్బారాయుడితో. "మీరు చెప్పాలి. చెప్పకపోతే ఎస్సైగారు ఆవిడని జీపెక్కిస్తారు. హత్యానేరం మీద. పైగా ఎలాంటి పేరు మీదో మీరు విన్నారు."

సుబ్బారాయుడు తల వంచుకున్నాడు.

"నడువమ్మా," అన్నాడు పెంటయ్య. అతని గొంతులో ఇందాకటి జోరు లేదు.

కమలాకుమారి లేచింది. భర్త వైపు చూడలేదు. చూస్తే బలవంతం చేసినట్టవుతుందనుకుందో ఏమో. కొంగు సర్దుకుని గుమ్మం వైపు నడిచింది. ఇనుప గేటు బయట కాలనీ జనం గుంపుగా ఉన్నారు. ఆవిడని చూడగానే గుసగుసలు మొదలయ్యాయి. ఎవడో ఈల కూడా వేశాడు. ఆవిడ గడప దాకా వెళ్ళి, ఒక చేత్తో తలుపు పట్టుకుని, జనం మధ్యలోకి అడుగు వేయలేక నిలబడిపోయింది. ఆ నిలబడడం చూడలేక బాపిరాజు గోడ వైపు తిరిగాడు. ఇంకా ఈ మొగుడు మాట్లాడడేమిటి అని ప్రాణం విసిగిపోయింది.

"ఆగండి!"

సుబ్బారాయుడు లేచి నిలబడ్డాడు.

"నేను వాయించలేదండి. ఆవిడే వాయించింది. అన్ని పాటలూ ఆవిడే. పరదా వెనక పీట వేసుకుని, మంచి గిటారు పెట్టుకుని, దాని వైరే యాంప్లిఫయరుకి తగిలించి వాయించింది. నేను స్టేజి మీద ఊరికే వేళ్ళు ఆడించాను. దుప్పట్లో చుట్టుకెళ్ళింది ఆ గిటారేనండి."

"ఎందుకు?" అన్నాడు పెంటయ్య నోరు తెరిచి.

సుబ్బారాయుడు ఎడమ చేయి పైకెత్తాడు. దాచుకోవడం అలవాటైన చేయి, ఎత్తేటప్పుడు కూడా సిగ్గుపడింది. మూడు వేళ్ళు కొద్దిగా వంకరగా అతుక్కుని ఉన్నాయి. వాటి చివర్ల మీద పాత బొబ్బల మచ్చలు.

"ఈ మూడిటికీ స్పర్శ లేదండి. పొయ్యి మీద గిన్నె పట్టుకున్నా కాలుతున్నట్టు తెలియదు, వాసనొస్తే తెలుస్తుంది. దసరా ముందు ప్రెస్సు కింద పడ్డాయి. తీగ నొక్కితే నొక్కానో లేదో నాకే తెలియదు. కాలనీలో నన్ను అందరూ గిటారు సుబ్బారాయుడనే పిలుస్తారు. వాయించలేనని ఎలా చెప్పుకోమంటారు? ఆవిడ చిన్నప్పుడు వీణ నేర్చుకుంది. నేను తీగలు ఎక్కడ నొక్కాలో చెబితే ఆర్నెల్లలో నన్ను మించిపోయింది. ఆవిడని స్టేజి ఎక్కించి, పెళ్ళాం చేత వాయింపించుకుని బతుకుతున్నాడనిపించుకోలేక..."

మాట పూర్తి కాలేదు. మొహం చేతుల్లో దాచుకున్నాడు.

పెంటయ్య టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి, "అమ్మా, లోపలికి రా. జెర తప్పు మాట్లాడిన. మనసుల పెట్టుకోకు," అన్నాడు. ఇనుప గేటు అవతల ఈల వేసినవాడి మీద లాఠీ ఎత్తి, "పోండ్రి ఇళ్ళకు!" అని అరిచాడు. పెద్ద పాట మొదలైనప్పుడు చిన్నరాములు బతికి ఉన్నాడు, పాట అయ్యేసరికి పడి ఉన్నాడు. గిటారు మధ్యలో ఒక్కసారి కూడా ఆగలేదు. అంటే కమలాకుమారి పీట మీద నుంచి లేవలేదు. ఆ మాత్రం లెక్క పెంటయ్యకి ఒకరు విడమరచి చెప్పనక్కర్లేదు.

బాపిరాజు ఆవిడ దగ్గరికి వెళ్ళాడు. "పొద్దున నేను అడిగిన మాటకి..." అని మొదలుపెట్టి నీళ్ళు నమిలాడు.

"ఆ మాట మా వాకిట్లోనే ఉందండి," అంది కమలాకుమారి మెల్లిగా. "కుళాయి దగ్గర వాళ్ళందరూ ఇళ్ళకి పట్టుకెళ్ళారు. ఇప్పుడు మీరు క్షమించమన్నా ఎవరింటికని వెళ్ళి తెచ్చుకోను?"

అతనికి చచ్చిపోయినంత పనయింది. మళ్ళీ పనిలో తలదూర్చాడు. సిగ్గుపడ్డ మగవాళ్ళు చేసేది అదే.

"దసరా ముందు ప్రెస్సు కింద వేళ్ళు పడ్డాయన్నారు," అన్నాడు సుబ్బారాయుడితో. "మరి ఈ ఫ్యాక్టరీలో ఏడాదంతా ప్రమాదం జరగలేదు కదా? షీల్డు కూడా వచ్చింది."

అందరి చూపులూ మొదటి వరస వైపు తిరిగాయి. వెంకటేశ్వరరావు చిన్నగా నవ్వాడు.

"చిన్న దెబ్బయ్యా. దాన్ని ప్రమాదం అనరు. మా ఇంటికి పిలిపించి మా డాక్టరు చేత కట్టు కట్టించాను. ఉద్యోగం ఊడకుండా చూశాను. అడుగు, అతన్నే అడుగు."

"నిజమేనండి," అన్నాడు సుబ్బారాయుడు. "ఎవరికీ చెప్పొద్దన్నారు. చేయి చెడిందని తెలిస్తే మెడికల్ బోర్డు ఇంటికి పంపేస్తుందన్నారు. స్టేజి మీద కూర్చోకపోతే జనం ఎందుకని అడుగుతారు, ఎలాగో అలా కూర్చోమన్నారు."

"చిన్నరాములుకి తెలుసా ఈ సంగతి?"

"ఎలాగో తెలిసిందండి. ప్రెస్సుకి చేతులు పడకుండా అడ్డం పెట్టే చట్రం ఊడబీకి పని చేయిస్తున్నారు, రేపు ఇంకొకడి చేయి పోతుంది, షీల్డు ఇచ్చేరోజే మైకులో చెప్పేస్తానన్నాడు. చెప్పొద్దని అతని కాళ్ళు పట్టుకున్నాను. 'నీకు శరం లేకుంటె నాకున్నది' అన్నాడు."

పెంటయ్య గట్టిగా ఊపిరి వదిలాడు. చిన్నరాములు చెబుతానన్న 'ముచ్చట' ఏమిటో ఇప్పుడు అందరికీ తెలిసింది. అది చెప్పకుండా ఉంటే ఎవరికి మేలో కూడా తెలిసింది. ఆడవాళ్ళని నలుగురిలో నిలబెట్టి అడగమన్న సలహా ఎంత తెలివైనదో, తను దాన్ని ఎంత బుద్ధిగా పాటించాడో తలుచుకుంటే బాపిరాజుకి తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

అతను పరదా పక్కకి తీశాడు. పీట అక్కడే ఉంది. పీట మీద కూర్చుని చూస్తే, పెట్టె వెనక భాగమూ, దాని పక్కనే కుర్చీల గది తలుపూ కనిపిస్తున్నాయి.

"కమలాకుమారి గారూ, పెద్ద పాట మధ్యలో ఆ గదిలోకి ఎవరైనా వెళ్ళారా?"

ఆవిడ ఉలిక్కిపడి భర్త వైపు చూసింది.

"చూడలేదండి," అన్నాడు సుబ్బారాయుడు గబగబా. "ఆవిడ కళ్ళు మూసుకుని వాయిస్తుంది. ఏమీ చూడలేదు."

"నేను మిమ్మల్ని అడగలేదు."

"చూడలేదని చెప్పు కమలా!"

ఆ గొంతులో భయం ఉంది. ఇందాక భార్య గుమ్మం వైపు నడుస్తుంటే కూడా అంత భయం లేదు.

కమలాకుమారి భర్త మొహం కేసి చాలాసేపు చూసింది. అతని బదులు ఇంకెవరైనా కనిపిస్తారేమోనని చూసినట్టు చూసింది. తరవాత కొంగు భుజం మీదికి దింపుకుని, తలెత్తి, మొదటి వరస వైపు తిరిగింది.

"మేనేజరు గారు వెళ్ళారండి. చిన్నరాములు అన్నయ్యని పిలిచి లోపలికి తీసుకెళ్ళారు. కాసేపటికి ఈయన ఒక్కరే వచ్చారు. చేతిలో రుమాలు చుట్టిన పొడుగాటిది ఏదో ఉంది. నన్ను చూశారు. వాయించడం ఆపొద్దన్నట్టు చేత్తో సైగ చేశారు. నేను ఆపలేదు."

"అబద్ధం!" వెంకటేశ్వరరావు లేచాడు. మొహం నల్లబడింది గానీ గొంతు ఇంకా చల్లగానే ఉంది. "నేను ముందు వరసలో ఉన్నాను. మొగుడి ఉద్యోగం పోతుందని నా మీద తోస్తోంది. సుబ్బారాయుడూ, నీ పెళ్ళానికి బుద్ధి చెప్పు. నేను నీకేం తక్కువ చేశాను?"

"సారు ముందు వరసల లేడు," అంది గోడవార నుంచి బక్కమ్మ. "పాట నడుస్తుంటె యెనక నల్లా కాడికొచ్చి సేతులు కడుక్కున్నడు. నేనే బకీటు జరిపిన."

పెంటయ్య ఆమె వైపు గిరుక్కున తిరిగాడు. "మరి చెప్పలేదేంది?"

"నన్ను ఆమె గురించే అడిగిన్రు గద సారూ."

పెంటయ్య మొహం కందగడ్డలా అయింది. టోపీ మళ్ళీ పెట్టుకుని, వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "సారూ, మీరు కూసోండ్రి. యాడికి పోవద్దు," అన్నాడు.

బాపిరాజు మాత్రం మేనేజరును చూడడం లేదు. అతను సుబ్బారాయుడిని చూస్తున్నాడు. సుబ్బారాయుడు ఆశ్చర్యపోలేదు. హంతకుడి పేరు వినగానే ఎవరైనా ఉలిక్కిపడతారు. అతను మాత్రం దొరికిపోయినవాడిలా మెడ వాల్చేశాడు.

"మీకు ముందే తెలుసా?" అని అడిగాడు బాపిరాజు.

జవాబు కమలాకుమారి చెప్పింది.

"ఆ రాత్రే చెప్పానండి. ఇంటికి రాగానే గిటారు మంచం కిందికి తోసి, ఈయన చెప్పులు విప్పకముందే చెప్పాను. ఆయన మనకి మేలు చేసిన మనిషి, నోరు మూసుకోమన్నారు."

"మరి ఎస్సైగారు మీ మీదే అనుమానపడ్డప్పుడు?"

"సాక్ష్యం లేదుగా, రెండ్రోజులు ఓర్చుకో, వాళ్ళే వదిలేస్తారన్నారు." ఆవిడ భర్త వైపు చెయ్యి చూపించింది. "ఈ ఉదయం మీరు వాకిట్లో ఆ మాట అడిగినప్పుడు ఈయన లోపలే ఉన్నారండి. తలుపు వెనకాలే నిలబడి ఉన్నారు."

"నిజమా?" అన్నాడు పెంటయ్య.

సుబ్బారాయుడు తలెత్తలేదు. ఒళ్ళో ఉన్న ఎడమ చేతి మూడు వేళ్ళనీ కుడిచేత్తో గట్టిగా నొక్కుకుంటున్నాడు. వాటికి తెలియదు గాబోలు, గోళ్ళు దిగబడి రక్తం కనిపిస్తున్నా నొక్కుతూనే ఉన్నాడు.

"నిజమేనండి," అన్నాడు.

కమలాకుమారి బెంచీ దగ్గరికి వచ్చింది. భర్త పక్కకి జరిగి చోటిచ్చాడు. ఆవిడ కూర్చోలేదు. బెంచీ మీదున్న తన చేతిసంచి తీసుకుని, హాలు అడ్డంగా దాటి వెళ్ళి, గోడవార నేల మీద బక్కమ్మ పక్కన కూర్చుంది.